హెడ్మాస్టరు గదిలో ఇనుప బీరువా

సంక్రాంతికి స్వర్ణోత్సవం చేస్తున్నామనీ, సంచికకు ఒక వ్యాసం రాయమనీ మన సంఘం కార్యదర్శి ఫోను చేసినప్పుడు, ఏం రాయమంటారని అడిగాను. "మీ ఇష్టం మాస్టారూ, చింతచెట్టు గురించీ బెత్తం దెబ్బల గురించీ మాత్రం ఇప్పటికే ఏడు వ్యాసాలు వచ్చాయి" అన్నాడు. అందుకని ఆ రెండూ వదిలేసి, మనలో ఎవరూ ఇష్టంగా అడుగుపెట్టని చోటు గురించి రాస్తున్నాను. అది హెడ్మాస్టరు గారి గది.

ఆ గదికి రెండు వైపులా ఉన్నవాణ్ణి నేను. 1966 నుంచి 1971 దాకా బల్లకి ఇవతల చేతులు కట్టుకుని నిలబడ్డాను. 2007 నుంచి 2013 జూన్ దాకా బల్లకి అవతల కుర్చీలో కూర్చున్నాను. విద్యార్థిగా ఉన్నప్పుడు నా అభిప్రాయం ఏమిటంటే, బడిలో అందరికన్నా తక్కువ పని చేసేది హెడ్మాస్టరు గారేనని. రోజుకి ఒక పీరియడు ఇంగ్లీషు చెప్పేవారు. మిగిలిన టైమంతా గదిలో కూర్చుని రాసుకుంటూ ఉండేవారు. ఏం రాస్తున్నారో మాకు తెలియదు. ఆయన వెనకాల ఆకుపచ్చ రంగు ఇనుప బీరువా ఒకటి ఉండేది. దాని తాళంచెవి ఆయన మొలతాడుకి ఉండేదని మా బ్యాచిలో ఒక పుకారు. నిజానికి అది బల్ల సొరుగులోనే ఉండేది. ఆ సంగతి నాకు తెలియడానికి ముప్ఫై ఆరేళ్లు పట్టింది.

ఆ బీరువాలో ఉన్నదే మన బడి చరిత్ర. దాన్ని పూర్తిగా చదివినవాళ్లు తక్కువ కాబట్టి, నాకు తెలిసినంత చెబుతాను.

అడ్మిషన్ రిజిస్టరు మొదటి సంపుటం 1949లో మొదలవుతుంది. అప్పటికి మనది మద్రాసు రాష్ట్రం, మన బడి కృష్ణా జిల్లా బోర్డు హైస్కూలు. రిజిస్టరంతా ఇంగ్లీషులోనే. అడ్డంగా రెండు పేజీల మీదికి పరుచుకున్న గడులు: వరుస సంఖ్య, చేరిన తేదీ, పిల్లవాడి పేరు, తండ్రి లేక సంరక్షకుడి పేరు, ఆయన వృత్తి, మతం, కులం, పుట్టిన తేదీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ, మాతృభాష, అంతకుముందు చదివిన బడి, మశూచికి టీకా వేయించారా లేదా, ఒంటిమీద రెండు పుట్టుమచ్చలు. చివర్లో బడి వదిలిన తేదీ, టి.సి. నంబరు, రిమార్కులు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది. గడులు మాత్రం మారలేదు. 1959లో పంచాయతీరాజ్ వచ్చి జిల్లా బోర్డు స్థానంలో జిల్లా పరిషత్తు ఏర్పడ్డాక రబ్బరు స్టాంపు మారింది, బడి పేరు మారింది. రిజిస్టరు అదే పేజీలో, తర్వాతి వరుస సంఖ్యతో సాగిపోయింది. 1966లో తెలుగు అధికార భాష అయింది గానీ మన రిజిస్టరుకి ఆ సంగతి చేరడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

మా రోజుల హెడ్మాస్టరు గారు గదిలో ఏం రాసుకునేవారో ఇప్పుడు చెప్పగలను. ఉదయం టీచర్ల హాజరు పట్టీలో ఆలస్యంగా వచ్చినవారి పేరు ఎదుట ఒక గుర్తు. దానికోసమే పది గంటలకి ఐదు నిమిషాల ముందే స్టాఫ్ రూములో అంత హడావిడి ఉండేది. సెలవులో ఉన్న మాస్టారి పీరియడ్లు ఎవరికివ్వాలో సర్దుబాటు. వచ్చిన తపాలా ఇన్‌వర్డ్ రిజిస్టరులో, పోయే తపాలా అవుట్‌వర్డ్ రిజిస్టరులో. క్యాష్ బుక్కు ప్రతి సాయంత్రం మూసి సంతకం. సాంఘిక సంక్షేమ శాఖ నుంచి వచ్చే స్కాలర్‌షిప్పుల బిల్లులు, పిల్లల చేత సంతకాలు పెట్టించి డబ్బు చేతికివ్వడం. సైన్సు గదిలో పగిలిన బీకర్ల దగ్గర్నుంచి ఆటల సామాను దాకా స్టాకు రిజిస్టర్లు. ప్రతి టీచరుకీ ఒక సర్వీసు రిజిస్టరు. అందులో ఇంక్రిమెంటు, సెలవు, బదిలీ ఏది రాసినా ఆయన సంతకం. ఆ సంతకం ఒక్కటి పడకపోతే ముప్ఫై ఏళ్ల తరవాత ఆ టీచరు పింఛను ఆగిపోతుంది. ఇవన్నీ అయ్యాక వారానికి కొన్ని తరగతుల్లో వెనక బెంచీ మీద కూర్చుని పాఠం విని, దాని గురించి ఇంకో పుస్తకంలో రాయాలి. ఆయన మా తరగతిలో అలా కూర్చున్నప్పుడు మమ్మల్ని కనిపెట్టడానికి వచ్చారనుకునేవాళ్లం. కనిపెడుతున్నది మాస్టారిని.

జీతాల రోజు సంగతి ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు. నేను 1981లో ఉద్యోగంలో చేరిన కొత్తలో జీతం చేతికే ఇచ్చేవారు. జీతాల బిల్లు మీద సంతకం పెట్టే అధికారం, బాధ్యత హెడ్మాస్టరువి. ఖజానాలో బిల్లు పాసయ్యాక, ఆయనా అటెండరూ బ్యాంకుకి వెళ్లి డబ్బు లెక్కపెట్టుకుని, గుడ్డసంచీలో పెట్టి, దానిమీద నాలుగు పుస్తకాలు కప్పుకుని బస్సులో వచ్చేవారు. నా మొదటి బడిలో ఒకసారి సాయంత్రం బస్సు రాక, హెడ్మాస్టరు గారు ఇరవై మంది జీతం ఒళ్లో పెట్టుకుని అవనిగడ్డ బస్టాండులో తొమ్మిదింటి దాకా కూర్చున్నారట. మర్నాడు మేమంతా రెవెన్యూ స్టాంపు మీద సంతకాలు పెట్టి డబ్బు తీసుకుంటుంటే ఆయన మొహంలో కనిపించిన తేలిక నాకింకా గుర్తు. ఒక్క నోటు తగ్గితే తన జేబులోంచి వేసుకోవాల్సింది ఆయనే.

ఇక 1977. మన సంఘం 1976 సంక్రాంతి సెలవుల్లో పుట్టింది. ఎమర్జెన్సీ రోజులు కాబట్టి పదిహేను మంది కుర్రాళ్లు బడి వరండాలో కూర్చుంటే ఊళ్లో పెద్దలు కంగారుపడి ఏమిటని అడిగి వెళ్లారు. మొదటి ఏడాది సంఘం చేసిందల్లా ఒక వాలీబాల్ నెట్టు కొనడం. తరవాతి ఏడాది నవంబరు 19, శనివారం, ఉప్పెన వచ్చింది. దివిసీమలో ఆ రోజు గురించి ఎవరికీ చెప్పనక్కర్లేదు. అధికారికంగానే పదివేల దాకా ప్రాణాలు పోయాయని లెక్క. మన ఊరు సముద్రానికి కాస్త ఎడం కాబట్టి, హైస్కూలు పక్కా భవనం కాబట్టి, ఆ రాత్రి ఊరు సగం అక్కడే ఉంది. నీళ్లు హెడ్మాస్టరు గదిలో నడుము లోతు వచ్చాయి. బీరువా కింది రెండు అరలు మునిగాయి.

నేను అప్పటికి బి.ఎడ్. పూర్తి చేసి ఉద్యోగం కోసం చూస్తూ ఇంటి దగ్గరే ఉన్నాను. మూడోరోజుకి నీళ్లు తీశాక, మా సంఘంవాళ్లం శవాలు తీసే పనిలోంచీ గంజి కేంద్రం పనిలోంచీ వచ్చిపోతూ ఉండగా, హెడ్మాస్టరు గారు పిలిపించారు. ఆయన మాకు చదువు చెప్పిన హెడ్మాస్టరు గారు కాదు, తరవాత వచ్చినవారు. ఆయన ఇల్లు కూడా కూలిపోయింది. లుంగీ మీద, బురద కాళ్లతో నిలబడి, "ఆ పుస్తకాలు ముందు తీయండ్రా" అన్నారు. మాకు కోపం వచ్చింది. ఊళ్లో తిండి లేదు, ఈయనకి పుస్తకాలేమిటని మాలో ఒకడు మొహం మీదే అడిగేశాడు కూడా. ఆయన బదులు చెప్పలేదు. తనే వంగి తీయడం మొదలుపెట్టారు.

రెండు రోజులు ఆరబెట్టాం. ఒక్కొక్క కాగితం మధ్య పాత న్యూసు పేపరు ముక్క పెట్టి, వరండాలో పరిచి, ఎగిరిపోకుండా ఇటుక ముక్కలు పెట్టాం. అప్పుడు చూశాను ఒక విచిత్రం. కొన్ని వరుసలు శుభ్రంగా చదవడానికి వస్తున్నాయి, కొన్ని పూర్తిగా కరిగి నీలం మరకలైపోయాయి. ఆయన చెప్పారు: రిజిస్టర్లు బ్లూబ్లాక్ సిరాతోనే రాయాలని రూలు, ఆ సిరా నీళ్లకి పోదు. ఎవరో గుమాస్తా తొందరలో మామూలు నీలం సిరాతో రాసిన చోటల్లా పిల్లలు మాయమైపోయారు. ఆయన మాట అదే, "మాయమైపోయారు." నేను హెడ్మాస్టరుగా ఉన్న ఆరేళ్లూ అడ్మిషన్ రిజిస్టరులో జెల్ పెన్నుతో రాయనివ్వకపోతే మా టీచర్లు నన్ను చాదస్తుడన్నారు. ఎందుకో వాళ్లకి చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

ఆ పుస్తకాలు ముందు తీయమని ఎందుకన్నారో వారం తిరక్కుండానే తెలిసింది. తల్లిదండ్రులిద్దరూ పోయిన పిల్లలు, బాబాయిల వెంటా అమ్మమ్మల వెంటా వచ్చి వరండాలో నిలబడేవారు. సాయం ఇవ్వాలంటే, హాస్టల్లో చేర్చాలంటే ఈ పిల్లవాడు ఫలానావారి కొడుకని ఎక్కడైనా కాగితం ఉండాలి. ఇళ్లతో పాటు రేషను కార్డులూ పట్టాలూ అన్నీ పోయాయి. తండ్రి పేరు, ఊరు, ఒంటిమీద రెండు పుట్టుమచ్చలు రాసి ఉన్నది బడి రిజిస్టరులోనే. కరెంటు లేదు. లాంతరు పెట్టుకుని, పిల్లవాడి మోచేయి తిప్పి మచ్చ చూసి, ఆయన ధ్రువపత్రాలు రాసేవారు. నేనూ ఇంకో ఇద్దరమూ పేజీలు వెతికి పెట్టేవాళ్లం. బడి మళ్లీ తెరిచిన రోజు అన్ని తరగతుల హాజరూ ఆయనే పిలిచారు. పలకని పేర్లు పదకొండు. వాటి ఎదుట అడ్మిషన్ రిజిస్టరులో, బడి వదిలిన తేదీ గడిలో, 19-11-1977 అని వేశారు. రిమార్కుల గడి ఖాళీగా వదిలేశారు. మూడో సంపుటంలో ఇప్పటికీ అలాగే ఉంది.

ఇంత గౌరవంగా చెప్పాను కాబట్టి, ఆ పుస్తకం గురించి ఇంకో నిజం కూడా చెప్పాలి. అందులో చాలా అబద్ధాలున్నాయి.

మా బ్యాచి పేజీ తీసి చూస్తే సగానికి పైగా పిల్లలు జూలై ఒకటిన పుట్టినట్టుంటుంది. ఊరంతా ఒకే రోజున పురుడు పోసుకోలేదు గదా. ఎలిమెంటరీ బడిలో చేర్చుకునే మాస్టారు, తారీఖు తెలియని తల్లిదండ్రులు ఎదురుగా నిలబడితే, పిల్లవాణ్ణి ఎగాదిగా చూసి ఒక తేదీ వేసేవారు. బడులు తెరిచే రోజుల్లో నోటికి తేలిగ్గా వచ్చే తేదీ అది. అదే హైస్కూలు రిజిస్టరుకి ఎక్కేది, అక్కణ్ణించి పదో తరగతి సర్టిఫికెట్టుకి, అక్కణ్ణించి జీవితానికి. నేను దుర్ముఖి నామ సంవత్సరం కార్తీకంలో, నాగుల చవితి వెళ్లిన వారానికి పుట్టానని మా అమ్మ చెప్పేది. అంటే 1956 నవంబరు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ నెల. రిజిస్టరులో నా పుట్టిన తేదీ 1-7-1955. ఐదేళ్లు నిండలేదని చేర్చుకోకపోతే పొలంలో పశువుల వెంట పోతాడని మా మాస్టారు ఏడాదిన్నర దాకా నాకు అప్పిచ్చారు. ఆ అప్పు ఎప్పుడు తీర్చానో తరవాత చెబుతాను.

హెడ్మాస్టరు ఉద్యోగంలో నాకు కష్టమనిపించింది ఇదే. ఖజానా బిల్లులు, తనిఖీలు నేర్చుకుంటే వస్తాయి. తప్పని తెలిసిన పుస్తకానికి కాపలా కాయడం నేర్చుకుంటే వచ్చేది కాదు.

2009లో నాతోపాటు ఒకే బెంచీ మీద కూర్చున్న మిత్రుడు పోయాడు. ఒక ఆఫీసులో వాచ్‌మన్‌గా పనిచేస్తూ సర్వీసులో ఉండగానే పోయాడు. కారుణ్య నియామకం కింద కొడుక్కి ఉద్యోగం వస్తుందని ఆశ. ఆ కుర్రాడు మన బడిలోనే ఏడు పాసై ఎనిమిదిలో మానేశాడు. పదో తరగతి సర్టిఫికెట్టు లేదు కాబట్టి వయసుకి మన రిజిస్టరే ఆధారం. రిజిస్టరు ప్రకారం వయోపరిమితి దాటి కొన్ని నెలలైంది. మిత్రుడి భార్య కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది.

"అన్నయ్యగారూ, వీడు పుట్టింది ఆ తరవాతి ఏడు. మా పెళ్లి ఎప్పుడయిందో మీకు తెలీదా? మీరు వడ్డించారు గదా పెళ్లిలో. ఆ అంకె ఒక్కటి మార్చండి" అంది.

నిజమే, నేను వడ్డించాను. లెక్క వేస్తే ఆమె చెప్పిందే నిజం. రిజిస్టరులో ఉన్న అంకె ప్రకారం వాడు పెళ్లికి ముందే పుట్టాలి. ఐదుని ఆరు చేయడానికి ఒక గీత చాలు. పక్కన నా పొట్టి సంతకం పెడితే దిద్దుబాటు చెల్లినట్టు పైకి కనిపిస్తుంది. కానీ ఒకసారి రిజిస్టరులో ఎక్కి, దాని మీద టి.సి. కూడా ఇచ్చేసిన పుట్టిన తేదీని ఇష్టం వచ్చినట్టు మార్చే అధికారం హెడ్మాస్టరుకి లేదు. అసలు ఆ గడిలో ఒక్కడికి గీత గీస్తే, ఆ పేజీలో ఉన్న అందరి తేదీలూ అనుమానంలో పడతాయి. రేపు ఏ పొలం తగాదాలోనో ఏ పెళ్లి వయసు కేసులోనో ఆ రిజిస్టరు కోర్టుకి వెళ్తే, దిద్దిన హెడ్మాస్టరు బోనులో నిలబడటం అటుంచి, దిద్దని వరుసలు కూడా చెల్లకుండా పోతాయి. ఇదంతా ఆమెకి చెప్పాను. ఆమె విన్నట్టే ఉంది గానీ, ఆ కుర్రాడు లేచి, "మా నాన్న ఫ్రెండని వచ్చాం" అని బయటికి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఉన్న తేదీతోనే ధ్రువపత్రం రాసిచ్చాను. కానీ ఊరుకోలేక తరవాతి సంపుటాలు తిరగేశాను. వాళ్ల అమ్మాయి వరుస దొరికింది. పదో తరగతి పాసైంది, ఇంకా పెళ్లి కాలేదు, వయసు సరిపోతుంది. కూతురు కూడా అర్హురాలేనని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. తల్లిని మళ్లీ పిలిపించి కాగితాలు నేనే తయారుచేసి పెట్టాను. ఏడాది పైన పట్టింది గానీ ఆ అమ్మాయికి ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు ఇంటిని నడుపుతున్నది ఆమే. కుర్రాడు మాత్రం బజార్లో ఎదురైతే ఇప్పటికీ మొహం తిప్పుకుంటాడు. అతన్ని తప్పు పట్టలేను.

నా చేతిమీదుగా జరిగిన తప్పు కూడా ఒకటి రాయాలి. పదో తరగతి పిల్లల నామినల్ రోల్సు పంపడం హెడ్మాస్టరుకి ఏడాదిలోకెల్లా ప్రమాదకరమైన పని. పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు రిజిస్టరుతో పోల్చి చూసి పంపాలి. సర్టిఫికెట్టు మీద అదే అచ్చవుతుంది. 2010లో జ్వరంతో ఉండి, చివరి షీటు చూడకుండా సంతకం పెట్టాను. ఒక పిల్లవాడి తండ్రి పేరులో ఒక ఇంగ్లీషు అక్షరం పోయింది. అప్పుడు ఎవరూ గమనించలేదు. ఆ పిల్లవాడు ఇంజనీరై అమెరికా ప్రయాణం పెట్టుకున్నప్పుడు పాస్‌పోర్టు దగ్గర బయటపడింది. అప్పటికి నేను రిటైరయ్యాను. బందరుకీ పరీక్షల విభాగానికీ అతను తిరిగిన తిరుగుడులో కొంత నేనూ తిరిగాను. ఇప్పుడతను డాలస్‌లో ఉన్నాడు, ఈ సంచికకి చందా పంపినవారిలో అతనూ ఉన్నాడు. నామీద కోపం లేదంటాడు. ఆ రసీదు చూసినప్పుడు నాకు ఆ చివరి షీటే గుర్తొచ్చింది.

పరీక్షల మాట వచ్చింది కాబట్టి ఒక్క సంగతి. ప్రశ్నపత్రాలు పోలీసు స్టేషనులో భద్రపరుస్తారని అందరికీ తెలుసు. పొద్దున్నే వెళ్లి, పెట్టె తెరిచి, ఆ రోజు సబ్జెక్టు కట్టే తెచ్చామా కాదా అని సీలు మీద రాసింది ఒకటికి మూడుసార్లు చదువుకోవడం చీఫ్ సూపరింటెండెంటుగా వెళ్లిన ప్రతి హెడ్మాస్టరుకీ తెలిసిన భయం. లెక్కల పరీక్ష రోజున సైన్సు కట్ట తెచ్చినట్టు నాకు ఇప్పటికీ కలలు వస్తాయి. పిల్లలకే పరీక్ష కలలు వస్తాయనుకోకండి.

తరవాతి మార్పులు చాలా వేగంగా వచ్చాయి. మన రాష్ట్రంలో 2003లో మధ్యాహ్న భోజనం మొదలైంది, కొన్నేళ్లకి హైస్కూలు తరగతులకీ వచ్చింది. హెడ్మాస్టరు బియ్యం లెక్క నేర్చుకున్నాడు. చిన్న తరగతులకి తలకి వంద గ్రాములు, పెద్ద పిల్లలకి నూట యాభై. హాజరెంత, తిన్నవారెంత, బస్తాలో మిగిలిందెంత. వంట చేసే ఆడవాళ్లకి బిల్లు ఆలస్యమైన నెలల్లో కిరాణా కొట్టువాడికి పూచీ చెప్పింది హెడ్మాస్టర్లే. ఆ పూచీ రాయడానికి ఏ రిజిస్టరులోనూ గడి లేదు. వడ్డించే ముందు రుచి చూడటం కూడా మా పనే. నాకు షుగరని తెలిసినా వంటమ్మ అన్నం ఎక్కువే పెట్టేది.

2010 ఏప్రిల్ ఒకటి నుంచి విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. వయసు రుజువు లేదని పిల్లవాణ్ణి చేర్చుకోకుండా తిప్పి పంపకూడదంది. టి.సి. అడిగితే వెంటనే ఇవ్వాలనీ, ఆలస్యం చేస్తే హెడ్మాస్టరు మీద చర్య తీసుకోవచ్చనీ అంది. పూర్వం లైబ్రరీ పుస్తకం తిరిగివ్వలేదనో బీకరు పగలగొట్టాడనో టి.సి. ఆపేవారు. ఇటుకబట్టీలకి వలసపోయే ఇళ్ల పిల్లలు అలాంటి కారణానికే మధ్యలో చదువు మానేసినవారున్నారని నాకు తెలుసు. ఆ చట్టంలో హెడ్మాస్టరు అధికారం తగ్గించిన ఆ వాక్యం నాకు అన్నిటికంటే నచ్చింది. మా తోటివారిలో కొందరికి నచ్చలేదు.

ఇప్పటి హెడ్మాస్టరు గారి గదిలో రిజిస్టర్ల కన్నా ఫోను ఎక్కువ మోగుతోంది. యుడైస్‌లో పిల్లల వివరాలు, యాపులో హాజరు, యాపులోనే భోజనం లెక్క. కొన్నాళ్లయితే మరుగుదొడ్లు శుభ్రం చేసినట్టు ఫొటో కూడా యాపులో పెట్టాల్సి వచ్చేది. నాడు-నేడు పనుల రోజుల్లో సిమెంటు బస్తాలు, ఇసుక ట్రాక్టర్లు, తల్లిదండ్రుల కమిటీ తీర్మానాలు. ఒకరోజు నేను వెళ్లేసరికి ఆమె పదో తరగతి పాఠం మధ్యలో ఆపి, ఏదో వివరం పన్నెండు గంటల లోపల పంపాలని వరండాలో నెట్‌వర్కు కోసం ఫోను పైకెత్తి నిలబడి ఉన్నారు. మా రోజుల్లో హెడ్మాస్టరు ఒక పీరియడైనా నిక్కచ్చిగా చెప్పేవారు. ఆమెకి చెప్పాలని ఉంది, చెప్పనివ్వడం లేదు. జీతాలు మాత్రం నేరుగా బ్యాంకు ఖాతాలోకి వస్తున్నాయి. అవనిగడ్డ బస్టాండులో ఒళ్లో సంచీ పెట్టుకుని కూర్చునే అవసరం లేదు. అది మంచి మార్పు.

నా అప్పు సంగతి చెబుతానన్నాను. నెల మొదటి తేదీన పుట్టినవాడు అంతకు ముందు నెల చివరి రోజునే రిటైరవ్వాలని రూలు. అందుకని 1-7-1955న పుట్టిన నేను 30-6-2013న, యాభై ఎనిమిదేళ్లకి, దిగిపోయాను. ఇంకో ఏడాదికి, 2014 జూన్‌లో, రాష్ట్రం విడిపోయాక మన ప్రభుత్వం పదవీ విరమణ వయసు అరవై చేసింది. మా అమ్మ చెప్పిన తేదీయే రిజిస్టరులో ఉండి ఉంటే నేను 2016 నవంబరు దాకా ఆ కుర్చీలో ఉండేవాణ్ణి. మూడేళ్ల ఐదు నెలలు. మా ఇంట్లో ఆ లెక్క చాలాసార్లు వేశారు. పుస్తకం ఆరేళ్లు నీ చేతిలోనే ఉందిగా అని బంధువులు ఎకసెక్కం కూడా చేశారు. రిజిస్టరు దిద్దినా సర్వీసు రిజిస్టరు మారదని వాళ్లకి చెప్పడం మానేశాను. ఆ మాస్టారు ఆ అంకె వేయకపోతే నేను ఆ ఏడాది బడిలో చేరేవాణ్ణే కాదు, బహుశా ఏ ఏడాదీ చేరేవాణ్ణి కాదు.

30వ తేదీ సాయంత్రం చార్జి అప్పగించాను. చార్జి లిస్టు పద్నాలుగు పేజీలు. బెంచీలు, బీరువాలు, గ్లోబులు రెండు, ఇత్తడి గంట ఒకటి, క్యాష్ బుక్కులో నిల్వ, చెక్కు పుస్తకం, సర్వీసు రిజిస్టర్లు, అడ్మిషన్ రిజిస్టర్లు సంపుటాలు తొమ్మిది. తీసుకునేవారు ఒక్కొక్కటి తెరిచి పేజీలు లెక్కపెట్టుకున్నారు. అలాగే లెక్కపెట్టుకోవాలి. మూడో సంపుటం తెరవగానే బురద వాసన వచ్చిందన్నారు. నాకు రాలేదు, అలవాటైపోయిందేమో.

ఇప్పుడు సంఘానికి నా మనవి ఒకటుంది. స్వర్ణోత్సవ నిధితో బడి గేటు దగ్గర ఆర్చి కట్టాలని తీర్మానించినట్టు విన్నాను. ఆర్చి వద్దనను. దాంతోపాటు మొదటి నాలుగు సంపుటాలకి బైండింగ్ ఊడిపోయింది, అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. హెడ్మాస్టరు గారి అనుమతితో, ఆమె ఎదుటే, బడి దాటి బయటికి పోకుండా, ప్రతి పేజీకీ స్కానింగు తీయించి, పుస్తకాలకి కొత్త అట్టలు వేయించాలి. బెజవాడ నుంచి మనిషిని పిలిపిస్తే నాలుగు రోజుల పని. ఆ నాలుగు రోజులూ పక్కన కూర్చోవడానికి నేను సిద్ధం. మూడో సంపుటంలో మరకలు పడ్డ పేజీలు ఉతికి తెల్లగా చేస్తామని బైండరు అనవచ్చు. వాటిని ఉన్నవి ఉన్నట్టే కుట్టమని చెప్పండి.